రేవు పడవ: వేసవి మరమ్మతు

పంచాయతీ సభ్యులారా! నాగావళి వంటి నదులపై కొయ్యపడవ నడుపు గ్రామములకు వేసవియే మరమ్మతు కాలము. జూన్ వర్షములకు పూర్వమే పడవను గట్టునకు చేర్చి నీడలో బోర్లింపవలెను. తీవ్రమైన ఎండకు పలకలు కుంచించి సందులు విచ్చును.

నాచు, పాత తారు గీకి, దబ్బనముతో పలకలను పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచో కొయ్య పుచ్చినదని గ్రహించి పలకను మార్చవలెనే గాని రంగుతో కప్పరాదు. కొయ్య బాగుగా ఆరిన పిదప సందులలో నూలు బిగించి కూరవలెను. పొందూరు ఖద్దరునకు ఆధారమైన పత్తియే ఇచటను ఉపకరించును. దానిపై నూనెతో కాచిన గుగ్గిలము పూసి, తారు రెండు పూతలు వేయవలెను. మొదటిది ఆరనిదే రెండవది వేయరాదు.

ఒక దినము ఖాళీగా నీటనుంచి, ఊట లేదని చూచిన తరువాతనే జనమును ఎక్కింపవలెను. ఈ వ్యయమును ముందుగానే సమావేశమున నిర్ణయించుడు. పైరంగు కన్నులకు, అడుగుపలక ప్రాణములకు.