సమ్మార్జన సేవ: గోడపై పొరలు, మనసుపై పొరలు

ఉగాది సమీపించినను, ఇంట వివాహము తలపెట్టినను తెలుగువారి గృహములలో మొదట జరుగు పని గోడలను బాగుచేయుట. బూజు దులుపుదురు, సామానులను నడిమింట చేర్చి దుప్పట్లు కప్పుదురు, పెచ్చులూడిన పాత సున్నమును గీకివేసి క్రొత్త వెల్ల వేయుదురు. నేటి పట్టణ గృహములలో సున్నమునకు మారుగ రంగులును, పూలచిత్రములు గల గోడకాగితములును వచ్చినవి. వస్తువులు మారినను పని స్వభావము మారలేదు. పాతది తొలగింపక క్రొత్తది నిలువదు. ఇంటిల్లిపాదియు కలసి చేయు ఈ సామాన్యమైన పనిలో వైష్ణవ గృహస్థులు గ్రహింపదగిన పరమార్థమొకటి కలదు.

సమ్మార్జనము కైంకర్యమే

ఇల్లు శుభ్రపరచుట లౌకికమనియు, పూజయొక్కటియే దైవకార్యమనియు కొందరు తలంతురు. శ్రీమద్భాగవతము అట్లు చెప్పలేదు. నవమ స్కంధములోని అంబరీషోపాఖ్యానమున, సప్తద్వీపములనేలిన ఆ చక్రవర్తి తన చేతులను శ్రీహరి మందిరమును తుడుచుట మున్నగు సేవలలో వినియోగించెనని శుకమహర్షి తెలిపెను. ఆయనకు సేవకులు లేకపోలేదు. ఆ భాగ్యమును ఇతరులకు విడుచుటకు మనసొప్పలేదు. ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు భక్తిమార్గమును బోధించుచు, తన మందిరమును ఊడ్చుట, అలుకుట, నీళ్లు చల్లుట, మ్రుగ్గులు పెట్టుట అనువానిని సేవకునివలె, కపటము లేక చేయవలెనని చెప్పెను. "కపటము లేక" అను నియమము ఇందు ప్రధానమైనది.

ఈ సేవకు పరిపూర్ణ స్వరూపము తిరుమలలో కానవచ్చును. ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి అను నాలుగు పర్వములకు ముందు వచ్చు మంగళవారమున అచట కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. కోయిల్ అనగా ఆలయము. తిరుమంజనము అనగా పవిత్ర స్నానము. ఆలయమునే ఒక ఆళ్వారుగా భావించి చేయించు స్నానమిది. శ్రీవారి మూలమూర్తిని వస్త్రముతో పూర్తిగా కప్పి, ఆనందనిలయము మొదలు బంగారు వాకిలి వరకు గోడలను, పైకప్పును, పూజాపాత్రలను, ఉపాలయములను నీటితో కడుగుదురు. పిదప నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, గంధపుపొడి, కుంకుమ, కిచిలిగడ్డ మున్నగువానిని కలిపిన పరిమళజలమును ఆలయమంతట ప్రోక్షింతురు. ఇందలి క్రమము గమనింపదగినది. కడుగుట ముందు, పరిమళము పిదప. మాలిన్యముపై పరిమళమును పూసి సరిపెట్టుట అచట లేదు.

మూడు విధములైన కప్పులు

భగవద్గీత తృతీయాధ్యాయమున శ్రీకృష్ణుడు కామము జ్ఞానమును కప్పు విధమునకు మూడు ఉపమానములు చెప్పెను. అగ్నిని పొగ కప్పును. అద్దమును ధూళి కప్పును. గర్భస్థ శిశువును మావి కప్పును. మూడును కప్పులేయైనను తొలగు విధము వేరు. పొగ గాలి వీచినంతనే చెదరును. ధూళి తుడిచినగాని పోదు. మావి కాలము నిండినగాని వీడదు.

గోడలను బాగుచేయువారికి ఈ భేదము అనుభవములోనిదే. బూజు చీపురు తగిలినంతనే పోవును. పొక్కులెత్తిన సున్నమును రేకుతో గీకవలెను. జిగురుతో అంటించిన గోడకాగితము మాత్రము చీపురునకు లొంగదు, బలమునకును లొంగదు. దానిని పట్టి లాగినచో పైపొర మాత్రము చినిగి చేతికి వచ్చును. అడుగుపొర జిగురుతో గోడనే అంటియుండును. మరింత బలవంతము చేసినచో కాగితముతో కూడ గోడపూతయు ఊడిపడును.

కావున పని తెలిసినవారు మొదట ఆ గదికి విద్యుత్తును నిలిపివేయుదురు. కాగితముపై అక్కడక్కడ సన్నని గాట్లు పెట్టి, గోరువెచ్చని నీటిలో ముంచిన స్పంజితో తడిపి, పది పదునైదు నిమిషములు వేచియుందురు. నీరు గాట్లగుండ లోనికి దిగి జిగురును నానబెట్టును. అప్పుడు వెడల్పైన రేకును గోడకు ఏటవాలుగా ఆనించి నెట్టినచో కాగితము పట్టీలుగా లేచివచ్చును. రానిచోట మరల తడుపుదురేగాని గోడను గాయపరుపరు. పాతకాలపు నూనెరంగులలో సీసము ఉండవచ్చును గనుక వానిని పొడిగా గీకక తడిపియే తీయవలెను. పసిపిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు.

మనసులోని దోషములును ఇట్టివే. కొన్ని సత్సంగమున కూర్చున్నంతనే చెదరును. కొన్ని నియమముతో, ప్రయత్నముతో పోవును. ఏండ్ల తరబడి అంటుకొనిన అభ్యాసములు మాత్రము కోపముతో పెరికిన పోవు. వానిని నామస్మరణమను నీటితో తడిపి ఓర్పుతో వేచియుండవలెను. ఒక్కనాటి ఉపవాసముతో స్వభావము మారలేదని నిరాశ చెందువారు, తడుపకయే కాగితమును లాగువారివంటివారు.

పైపూత వలని ప్రమాదము

పాతపొరను తీయుట శ్రమ గనుక దానిపైననే క్రొత్తదానిని వేయుదమను ఆలోచన సహజముగ కలుగును. చెమ్మపట్టిన గోడపై అందమైన కాగితము అంటించినచో గది కొన్నాళ్లు శోభిల్లును. పిదప అంచులు లేచును. మచ్చలు పైకి కనిపించును. కాగితము వెనుక బూజుపట్టి గదియంతయు ముక్కవాసన వచ్చును. నీరు ఎచటనుండి దిగుచున్నదో కనుగొని దానిని ఆపినగాని ఏ పూతయు నిలువదు.

సున్నము విషయమును అంతే. సున్నము ఆరుట కేవలము నీరు ఇగిరిపోవుట కాదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా రాయిగా మారును. శుభ్రపరచి తడిపిన గోడపై వేసినచో గోడతో ఏకమగును. ధూళిపై వేసినచో ధూళినే పట్టుకొని గట్టిపడి, ఆ ధూళితో కూడ పెచ్చులుగా రాలును.

ఊర్ధ్వపుండ్రములు ధరించి ఏటేట తిరుమల యాత్ర చేయు గృహస్థుడు, ఆస్తి పంపకముల నాడు వచ్చిన మాటపట్టింపుతో తోడబుట్టినవానితో పలుకుట మానియుండవచ్చును. పండుగకు ఇల్లంతయు రంగులు వేయించును, బంధువులందరిని పిలుచును, అన్న యింటికి మాత్రము పిలుపు పోదు. ఆ యింటి గోడలు మెరయును గాని చెమ్మ లోపలనే యున్నది. శ్రీకృష్ణుడు ఉద్ధవునితో "కపటము లేక" అని చెప్పుటలోని భావమిదియే. మనసులోని దానిని కప్పి చేయు పూజ పైపూతయేయగును. పండుగకు ముందు అన్న గడప త్రొక్కి రెండు మంచిమాటలాడుట ఆ గృహస్థునికి నిజమైన సమ్మార్జనము.

రెండవమారు ఊడ్చుట

శ్రీకృష్ణచైతన్యుల (1486–1534) జీవితములోని ఒక ఘట్టము ఇచట స్మరింపదగినది. పూరీలో రథయాత్రకు శ్రీజగన్నాథుడు వేంచేయు గుండిచా మందిరమును, యాత్రకు ముందు ఆయన భక్తులతో కలసి స్వయముగా శుభ్రపరచెను. కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతములోని మధ్యలీలలో దీనిని విపులముగా వర్ణించెను. అందరును ఆకులు, ఇసుక, దుమ్ము ఊడ్చి ప్రోగుచేసిరి. చైతన్యులు అంతటితో తృప్తిచెందక రెండవమారు ఊడ్పించి సన్నని ధూళిని తీయించెను. పిదప కుండలతో నీరు తెచ్చి గోడలను, నేలను, పైభాగములను కడిగిరి. మొదటిమారు పోవునది అందరికి కనిపించు మాలిన్యము. రెండవమారు పోవునది కనిపించనిది. గోడకాగితము ఊడిన పిదప మిగిలిన జిగురును వేడినీటితో కడిగి, గోడను పూర్తిగా ఆరనిచ్చినగాని లప్పము పెట్టరాదను పనివారి నియమమును ఇట్టిదే. దోషము పోయినను, "నేను దోషమును జయించితిని" అను అహంకారము జిగురువలె మిగులును. దానిని కడుగుట రెండవ సమ్మార్జనము.

తీయదగినది, తీయరానిది

ప్రతి పొరయు మాలిన్యము కాదు. సింహాచలమున వరాహ లక్ష్మీనృసింహస్వామిని కప్పియుండు చందనము భక్తులు సమర్పించు కైంకర్యము. అక్షయతృతీయ నాడు దానిని ఒలిచి నిజరూప దర్శనము కలిగించినను, మరల చందనము సమర్పింతురు. అది మరుగు కాదు, సేవ.

ప్రాచీనాలయములలో దీనికి విరుద్ధమైన స్థితియు కలదు. శుభ్రత కొరకు తరతరములుగా వేసిన సున్నము క్రింద శాసనములు, శిల్పములు మరుగుపడినవి అనేకము. 1931లో తంజావూరు బృహదీశ్వరాలయమున నాయకరాజుల కాలపు చిత్రముల క్రింద చోళుల కాలపు చిత్రములు బయల్పడినవి. పిమ్మటి కాలమున పురావస్తుశాఖవారు పైపొరను ధ్వంసము చేయక, నేర్పుతో వేరుచేసి దానిని గూడ భద్రపరచిరి. క్రింది దానిని చూపుటకై పైదానిని అవమానింపకుండుట వారి వివేకము.

ఈ వివేకము గృహములలో మరింత అవసరము. నాయనమ్మ పూజగది గోడపై తిరుచూర్ణముతో దిద్దిన శంఖచక్రములు, గడపప్రక్క పిల్లల ఎత్తు కొలిచి గీసిన గీతలు యువకుల కంటికి పాతమరకలుగా తోచవచ్చును. పెద్దలకు అవి జీవితము. గీకుటకు ముందు వారిని అడుగుట ధర్మము. గోడ శిథిలమై తీయక తప్పనిచో ఛాయాచిత్రము తీసి, క్రొత్త గోడపై అవే గురుతులను వారి చేతనే మరల వ్రాయించుట మేలు. ఇల్లు బాగుపడుచు ఇంటివారి మనసు నొచ్చినచో, బాగుపడినది గోడ మాత్రమే.

తిరుమంజనము ముగిసిన పిదప అర్చకులు మూలమూర్తిపై కప్పిన వస్త్రమును తొలగించి, పూజాదికములు జరిపి, నైవేద్యము సమర్పింతురు. అనంతరము భక్తులకు దర్శనము లభించును. కడుగుటవలన స్వామి క్రొత్తగా రాలేదు. ఆయన ముందును అచటనే యున్నాడు. సేవకుల పని కడుగుట మాత్రమే. దర్శనమిచ్చుట ఆయన కృప. హృదయాలయమునందును ఇంతే. ఈ సత్యమును మరువక, చేత చీపురును నోట నామమును ధరించి గృహస్థులు చేయు సేవను శ్రీనివాసుడు స్వీకరించి, వారి గృహములందును హృదయములందును సుఖాసీనుడగుగాక!