ప్రాథమికోన్నత తరగతులలో నవలా పఠనము

ఆరవ తరగతిలో చేరిన మన విద్యార్థికి తెలుగు అక్షరములు వచ్చును. వాచకము చదువగలడు, పద్యము ఒప్పజెప్పగలడు. అయినను ఒక తెలుగు పుస్తకమును మొదటి పుటనుండి తుది పుటవరకు తనంత తానుగా చదివినవాడు అరుదు. తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనకు ఇది చిన్న లోపము కాదు. వీథిలోని బోర్డులు, బస్సుమీది ఊరి పేర్లు, అంగడిలోని బేరములు, ఆటస్థలములోని కేకలు, అన్నియు ఈ రాష్ట్రపు భాషలోనే యుండును. తెలుగునకు ఇంటిలో కొంత, తరగతిలో కొంత చోటు మిగులును. వాచకములోని పాఠము నాలుగు పుటలతో ముగియును. తుది పరీక్షతో వాచకమే ముగియును. చదువు అలవాటు పడనివానికి ఆ తరువాత తెలుగు నోటిమాటగా మాత్రమే నిలుచును. వాని బిడ్డలకు లిపియే తెలియకపోవచ్చును.

ఈ లోటు తీర్చుటకు నవల మంచి సాధనమని మేము తలంచుచున్నాము. ఒకే కథతో, ఒకే మనుష్యులతో పిల్లవాడు కొన్ని వారములపాటు తెలుగులో కాపురముండును. మొదటి పుటలలో అడ్డుపడిన మాట అయిదవసారి ఎదురగునప్పటికి చుట్టమగును. తరువాత ఏమి జరుగునో యను కుతూహలమే వానిని ముందుకు నడపును.

ఏ నవలతో ఆరంభింపవలెను? మేము 'బారిష్టరు పార్వతీశము' మొదటి భాగమును సూచించుచున్నాము. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు (1892-1973) రచించిన ఈ భాగము 1924లో వెలువడినది. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మొగలితుర్రునుండి బయలుదేరిన యువకుడు బారిష్టరు చదువునకై సీమకు పోవుట ఇందలి కథ. భాష వాడుకభాష, హాస్యము పిల్లలకు అందునట్టిది. అన్నిటికంటె ముఖ్యముగా, తన భాషయు తన ఆచారములును చెల్లని చోట ఒక తెలుగువాడు ఎట్లు మెలగెనో ఇది చెప్పును. ఆ అనుభవము మన పిల్లలకు క్రొత్త కాదు.

బోధనకు ఆరు వారములు చాలును. వారమునకు రెండు పీరియడ్లు ఉపాధ్యాయుడు పైకి చదువవలెను. మిగిలిన పుటలు పిల్లలు వంతులవారీగా చదువుకొందురు. ప్రతి వాక్యమునకు అర్థము చెప్పుచు పోయినచో కథ చచ్చును. అర్థము కాని మాటలు రెండు మూడున్నను కథ సాగనీయవలెను. ఉపాధ్యాయుడు మాత్రము ముందుగానే పుస్తకము పూర్తిగా చదివి, ఎక్కడ ఆగి ప్రశ్నింపవలెనో గుర్తు పెట్టుకొనవలెను.

చదువుతోపాటు చేయింపదగిన పనులు కొన్ని గలవు.

మొదటిది పటము. గోడకు పెద్ద కాగితము అంటించి మొగలితుర్రు, నరసాపురము, నిడదవోలు, చెన్నపట్టణము, కొలంబో గుర్తింపవలెను. కథ ఎంతవరకు నడచిన అంతవరకే గీత గీయింపవలెను. ఎచ్చట పడవ, ఎచ్చట రైలు, ఎచ్చట ఓడ అను సంగతి పిల్లలే గ్రంథమున వెదకి గీతప్రక్కన వ్రాయుదురు. భూగోళపాఠము వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది టోపీ చర్చ. పార్వతీశము దొరసానులు ధరించు టోపీని తెలియక కొనుట ఈ నవలలో పేరుపడిన ఘట్టము. పిల్లలు కడుపుబ్బ నవ్వుదురు, నవ్వనీయవలెను. పిమ్మట ఒక ప్రశ్న వేయవలెను: ఇతడు తెలివిలేనివాడా, తెలియనివాడా? తరగతిని రెండు పక్షములుగా చేసి వాదింపజేయవలెను. ప్రతివాదమునకును కథనుండి ఒక ఆధారము చూపవలెనని నియమము. ఈ కథను పార్వతీశమే 'నేను' అని చెప్పుచున్నాడు. తన పొరపాటును తానే చెప్పి నవ్వించువాడు నిజముగా మూఢుడేనా? ఈ విషయము తోచిన పిల్లవాడు, భాష రాని తోటివానిని చూచి నవ్వుటకు ముందు ఒకసారి ఆలోచించును.

మూడవది మాటల పుస్తకము. పుటను మూడు వరుసలుగా విభజించి, నవలలోని మాట, మన ఇంటిమాట, ఈ రాష్ట్రపు మాట వ్రాయింపవలెను. టోపీ తమిళమున తొప్పి. కన్నడ, ఒడియా, మరాఠీలలో దాదాపు మన మాటయే. గొడుగు తమిళమున కుడై, కన్నడమున కొడె, మరాఠీలో ఛత్రీ. ఏ మాటలు చుట్టములో, ఏవి కావో పిల్లలు తామే కనిపెట్టుదురు. మూడు నాలుగు తరములుగా ఇచ్చటనున్న మన ఇండ్ల తెలుగు గోదావరి తెలుగునకు భిన్నముగా నుండును. అది తప్పు తెలుగని పిల్లవానికి ఎన్నడును తోపనీయరాదు. ఇంటిమాటకు సిగ్గుపడినవాడు మెల్లగా ఆ భాషనే విడిచిపెట్టును.

నాలుగవది ఉత్తరము. టోపీ అమ్మిన అంగడివాడు ఆ సాయంకాలము తన తమ్మునికి జాబు వ్రాసినచో ఎట్లుండును? ఒకే సంగతి చూచువానినిబట్టి మారునని పిల్లలకు దీనివలన తెలియును.

నవలను మార్కుల కొరకు ప్రశ్నోత్తరములుగా చీల్చరాదు. పరీక్ష పెట్టవలసివచ్చినచో పిల్లవానికి నచ్చిన ఘట్టమును తన మాటలలో చెప్పించినచో చాలును.

తలిదండ్రులకు ఒక మనవి. రాత్రి భోజనానంతరము పావుగంటసేపు మీ బిడ్డచేత ఒక పుట పైకి చదివించి వినుడు. మీకు తెలుగు చదువ రాకున్నను వినుటకు అడ్డులేదు. తాతగారో అమ్మమ్మగారో ఇంటనున్నచో ఆనాటి పడవల గురించి, అణాల లెక్క గురించి చెప్పింపుడు. రూపాయికి 16 అణాల లెక్క 1957లో దశాంశనాణెములు వచ్చువరకు మన దేశమున సాగినది. పెద్దలు చెవియొగ్గి విన్న పుటను బిడ్డ మరువడు.

అభ్యాసములు

1. చెన్నపట్టణమునుండి కొలంబోకు పార్వతీశము ఏ మార్గమున వెళ్లెను? గ్రంథమున వెదకి పటముపై గుర్తింపుము.

2. నీకు భాష తెలియని ఊరికి ఒంటరిగా పోవలసివచ్చినచో ఏ వస్తువులు వెంట తీసికొనిపోవుదువు? జాబితా వ్రాసి పార్వతీశము సామానుతో పోల్చుము.

3. మీ ఇంటిలో మాత్రమే వినబడు తెలుగు మాటలు పది సేకరించి, వాని అర్థములు వ్రాయుము.

4. మీ కుటుంబము ఈ ప్రాంతమునకు ఎట్లు వచ్చినదో పెద్దల నడిగి, 'నేను' అని చెప్పు కథగా ఒక పుట వ్రాయుము.