పాఠం 7: ఉత్తరాల్లో ఇచ్చిపుచ్చుకోవడం

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత, ఎన్నడూ చూడని మనిషితో వస్తుమార్పిడి జరపడానికి ఉత్తరం ఎలా రాయాలో, అందులో ఏ సంగతి దాచకూడదో మీరు చెప్పగలుగుతారు. అలాంటి ఉత్తరం ఒకటి సొంతంగా రాయగలుగుతారు.

7.1 పరిచయం

మీ చిన్నతనంలో అగ్గిపెట్టె బొమ్మలు కూడబెట్టారా? లేదా క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు, ట్రంప్ కార్డులు? అయితే ఈ పాఠంలోని సంగతి మీకు సగం తెలిసినట్లే. ఒకే బొమ్మ రెండుసార్లు వస్తే దాన్ని పక్కింటి పిల్లవాడికిచ్చి, మన దగ్గర లేనిది తీసుకునేవాళ్లం. అతడు ఎదురుగా ఉన్నాడు కనుక బొమ్మ చినిగిందో లేదో అక్కడే తిప్పి చూసుకునేవాళ్లం. అదే మనిషి నాలుగు వందల మైళ్ల దూరంలో ఉంటే? అప్పుడు మన కన్ను చేసే పని ఉత్తరం చేయాలి.

ఇలాంటి మార్పిడి అమెరికాలో బాగా పెరిగింది. 1880లలో అక్కడ సిగరెట్ పెట్టెలు మెత్తటి కాగితంతో ఉండేవి. లోపలి సిగరెట్లు నలగకుండా ఒక అట్టముక్క పెట్టేవారు. ఆ అట్టమీద బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ అచ్చువేస్తే సరుకు ఎక్కువ అమ్ముడుపోతుందని వ్యాపారులు గ్రహించారు. (బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి.) ఇంగ్లండులో విల్స్ సంస్థ 1896లో 50 మంది క్రికెట్ ఆటగాళ్ల కార్డులు వేసింది. తరువాత బొమ్మలు సిగరెట్లను వదిలి బబుల్‌గమ్ పొట్లాల్లోకి చేరాయి. అప్పుడు అవి పూర్తిగా పిల్లల సొత్తయ్యాయి.

7.2 మార్పిడి ఎందుకు అవసరం?

పొట్లం విప్పేదాకా లోపల ఏ కార్డు ఉందో తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది. 100 కార్డుల వరస ఒకటి ఉందనుకోండి. అన్నీ సమానంగా అచ్చయినవే, ఒక్కొక్కటే కొంటున్నారు. మొత్తం పూర్తి కావడానికి సగటున ఎన్ని కొనాలి? చాలామంది 150 అనో 200 అనో అంటారు. లెక్క వేస్తే దాదాపు 519 వస్తుంది! చివరి పది కార్డుల కోసమే సుమారు 293 కొనాలి. ఆఖరి ఒక్క కార్డుకు సగటున 100. అంటే పెట్టిన డబ్బులో సగానికి పైగా ఆ చివరి పదింటికే పోతుంది. ఇంట్లో మాత్రం ఉన్న బొమ్మలే మళ్లీ మళ్లీ పోగవుతాయి. కొనడం ఆపి, మన దగ్గర మిగిలినవి మరొకరికిచ్చి వారి దగ్గర మిగిలినవి తెచ్చుకోవడం తెలివైన పని. అమెరికా సేకర్తలు తపాలాను ఆశ్రయించింది ఇందుకే. ఊళ్లో దొరకని కార్డు వేరే రాష్ట్రంలో ఎవరి పెట్టెలోనో రెండోదిగా పడి ఉంటుంది.

ఒక్కోసారి ఎంత కొన్నా ఫలితం ఉండదు. బోస్టన్ నగరంలోని గౌడీ గమ్ కంపెనీ 1933లో 240 నెంబర్ల బేస్‌బాల్ వరస విడుదల చేసింది. అందులో 106వ నెంబరు కార్డు అసలు వేయనే లేదు. లేని కార్డు కోసం పిల్లలు గమ్ కొంటూ పోయారు. కొందరు ఊరుకోక కంపెనీకి ఉత్తరాలు రాశారు. చివరికి 1934లో నాప్ లాజోయ్ అనే పాత ఆటగాడి బొమ్మతో ఆ కార్డు అచ్చువేసి, ఫిర్యాదు చేసినవారికి తపాలాలో పంపారు. కార్డును ఉత్తరానికి గుండుసూదితో కాక క్లిప్పుతో పెట్టారు. ఈనాటికీ మిగిలిన కొన్ని ప్రతులపై ఆ క్లిప్పు నొక్కు కనిపిస్తుంది. ఉత్తరం రాసినవాడికే కార్డు దక్కిందన్నమాట.

పాఠగత ప్రశ్న 1: గౌడీ వరసను కొనుగోలు ద్వారా పూర్తి చేయడం ఎందుకు సాధ్యం కాలేదు? రెండు వాక్యాల్లో రాయండి.

7.3 అందరికీ ఒకే భాష

"నా దగ్గర ఆ ఎర్ర రంగు బొమ్మ ఉంది, పాతది" అని రాస్తే అవతలివారికి ఏం అర్థమవుతుంది? ఈ ఇబ్బందిని తీర్చినవారు జెఫర్సన్ బర్డిక్. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరవాసి, కర్మాగారంలో పనిచేసిన సామాన్యుడు. కీళ్లవాతంతో చేతులు వంకరపోయినా దేశం నలుమూలలా ఉన్న సేకర్తలకు ఉత్తరాలు రాసి కార్డులు పోగుచేశారు. వాళ్ల కోసం 1937 నుంచి ఒక చిన్న పత్రిక నడిపారు. 1939లో అమెరికా కార్డులన్నిటికీ పట్టిక అచ్చువేశారు. తరువాతి పట్టికల్లో ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి' అక్షరం, దాని పక్కన నెంబరు. ఇప్పుడు కోట్లు పలికే 'టి 206' వరస పేరు ఆయన పెట్టిన గుర్తే. ఆ ఒక్క ముక్క రాస్తే చాలు, ఎక్కడివారికైనా ఏ వరసో తెలిసిపోతుంది.

తన మూడు లక్షలకు పైగా కార్డులను ఆయన న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చారు. వాటిని సర్దే పని కూడా ఆయనే చేయాలని అక్కడివారు షరతు పెట్టారు. ఏళ్ల తరబడి మ్యూజియానికి వెళ్లి, నొప్పి పెట్టే వేళ్లతో వాటిని ఆల్బముల్లో అమర్చారు. 1963 జనవరిలో ఆ పని ముగించారు. మార్చిలో మరణించారు. (చాలా కార్డులను జిగురుతో అతికించారని నేటి సేకర్తలు చింతిస్తారు. ఆ రోజుల్లో వీటికి విలువ కట్టినవారెవరు? మనం మాత్రం జిగురు జోలికి పోవద్దు.)

7.4 ఉత్తరం

ఇప్పుడు కింది రెండు ఉత్తరాలు చదవండి. పాఠం కోసం వీటిని మన ఊళ్ల మధ్య నడిపాం. టాప్స్ సంస్థ మన దేశంలోనూ 'క్రికెట్ అటాక్స్' పేరుతో కార్డులు అమ్మింది. మన ఉత్తరాలు అలాంటి వరస గురించే అనుకోండి.

మొదటి ఉత్తరం:

"అయ్యా, నా దగ్గర మంచి మంచి కార్డులు చాలా ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవి వెంటనే పంపండి. నావి తరువాత పంపుతాను."

రెండో ఉత్తరం:

"వరంగల్.

మిత్రులకు నమస్కారం. మీరు కూడా క్రికెట్ కార్డులు సేకరిస్తారని మా స్నేహితుడు చెప్పగా ఈ ఉత్తరం రాస్తున్నాను. నా దగ్గర 14, 37, 52 నెంబర్లు రెండేసి ఉన్నాయి. నాకు 9, 61, 80 కావాలి. 14, 52 కొత్తవాటిలాగే ఉన్నాయి. 37 మాత్రం కుడివైపు పై మూల నలిగింది. దీపం కింద వంచి చూస్తే మధ్యలో సన్నని మడత కూడా కనబడుతుంది. అందుకు బదులుగా మీరు 80వ నెంబరు పాతదే ఇచ్చినా సంతోషం. మనకు పరిచయం కొత్త గనుక నా కార్డులు ముందుగా పంపుతాను. చూసి నచ్చితేనే మీవి పంపండి. నచ్చకపోతే నావి తిప్పి పంపండి, తపాలా ఖర్చు నాది. మీ జవాబు వచ్చేదాకా ఈ మూడూ మరెవరికీ ఇవ్వను. ఇట్లు, మీ మిత్రుడు."

తేడా చూశారు కదా! మొదటి ఉత్తరంలో మర్యాద లోపించిన మాట నిజమే. అంతకన్నా పెద్ద లోపం, అందులో ఒక్క నెంబరూ లేదు. 'మంచి' అనే మాటకు కొలత ఏమిటి? రాసినవాడికి మంచిదనిపించిన కార్డు అందుకున్నవాడికి చెత్తగా తోచవచ్చు.

రెండో ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం దీపం గురించి రాసినది. అది రాయకపోయినా అడిగేవారు లేరు. మామూలు వెలుతురులో ఆ మడత కనబడదు. కాని సేకర్త అందిన కార్డును తప్పక దీపం కింద పెట్టి చూస్తాడు. మడతను ముందే చెబితే అది వట్టి లోపం. చెప్పకుండా పంపితే మోసం. కార్డు అదే, మడతా అదే. తేడా ఉత్తరంలో ఉంది. పాత సేకర్తలు తమ జాబితాలో మూలలు, మడతలు, బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు నాలుగువైపులా సమానంగా ఉందా లేదా అన్నవి విడివిడిగా రాసేవారు. 1991లో అమెరికాలో మొదలైన పి.ఎస్.ఎ. సంస్థ కార్డులను పరీక్షించి 1 నుంచి 10 దాకా మార్కులు వేస్తోంది. సాధారణ కార్డుకు అంత ఖర్చెందుకు? నిజం రాస్తే సరిపోతుంది.

ఎవరు ముందు పంపాలి అన్నది మరో చిక్కు. కొత్తవారు ముందు పంపడం సేకర్తల్లో వాడుక. ఇది కొత్తవారికి అన్యాయమనిపించవచ్చు. నిజానికి అన్యాయమే, కొంత. అయితే ఇదివరకు ఇరవైమందితో నిజాయితీగా మార్పిడి చేసినవారికి పోగొట్టుకునే పేరు ఒకటి ఉంది, కొత్తవారికి అది ఇంకా రాలేదు. అందుకే మొదటిసారి విలువైన కార్డు పెట్టకండి. పోయినా బాధపడని రెండింటితో మొదలుపెట్టండి.

7.5 కవరులో పెట్టడం

ఒప్పందం ఈనాడు ఫోనులో కుదిరినా కార్డు మాత్రం కవరులోనే ప్రయాణం చేయాలి. సాధారణంగా కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉంటుంది. ముందు దాన్ని పలుచని ప్లాస్టిక్ తొడుగులో పెట్టండి. దాన్ని గట్టి ప్లాస్టిక్ అరలో గాని, రెండు అట్టముక్కల మధ్య గాని ఉంచండి. అంటుకునే టేపు కార్డుకు తగలనీయవద్దు. టేపు కొసను కొంచెం మడిచి వదిలితే అందుకున్నవారు కత్తెర లేకుండా లాగగలరు. (కత్తెరతో కవరు కోయబోయి కార్డునే కోసినవారు ఎందరో!) వానాకాలమైతే మొత్తం ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. మామూలు కవరులో వట్టి కార్డు వేస్తే, ఉత్తరాలు వేరుచేసే యంత్రాల చక్రాల మధ్య అది వంగిపోతుంది.

విలువైనదైతే చేరిందో లేదో తెలుసుకునే పద్ధతిలోనే పంపండి. మన దేశంలో 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేశారు. రసీదు జాగ్రత్తగా దాచుకోండి.

కార్డు అందగానే ఒక ముక్క రాయడం చాలామంది మరిచిపోతారు. పంపినవారు ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారు. ఒకవేళ కార్డు చేరకపోతే? పంపినవారు రసీదు చూపి విచారించాలి. అందనివారు తొందరపడి దొంగ అనకూడదు. అలాగని మౌనంగానూ ఉండకూడదు. పది రోజులు చూసి, "మీరు పంపిన కవరు ఇంకా అందలేదు, దయచేసి ఒకసారి విచారించగలరా" అని రాస్తే చాలు.

పాఠగత ప్రశ్న 2: రెండో ఉత్తరంలో, కార్డులు నచ్చకపోతే అవతలివారికి నష్టం రాకుండా రాసిన వాక్యం ఏది?

అభ్యాసం

మీకు రెండో ఉత్తరం రాజమండ్రిలో అందింది. మీ దగ్గర 9, 61 ఉన్నాయి, 80 లేదు. 61 వెనకవైపు మీ తమ్ముడు పెన్సిలుతో పేరు రాశాడు. తుడిచినా కొద్దిగా కనబడుతోంది. వరంగల్ మిత్రునికి జవాబు రాయండి. పది వాక్యాలకు మించవద్దు.