టికెట్టు చేతులు మారితే హక్కు ఎవరిది?

2025 మే 17న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ఆర్‌సీబీ, కోల్‌కతా మ్యాచ్ వాన పాలైంది. ఒక్క బంతి కూడా పడలేదు. టికెట్ డబ్బు వెనక్కిస్తామని ఆర్‌సీబీ ప్రకటించింది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఏ ఖాతా నుంచి బుక్ చేశారో ఆ ఖాతాలోకే డబ్బు వస్తుందని చెప్పింది. అది సబబే. మరి అదే టికెట్‌ను వాట్సాప్ గ్రూపులో ఇంకొకరి దగ్గర రెండింతలకు కొన్నవాళ్ల సంగతి? రీఫండ్ బుక్ చేసినవాడి ఖాతాలో పడుతుంది. అతను నీతి గలవాడైతే కనీసం అసలు ధర పంపుతాడు. కాకపోతే ఎక్కువకు అమ్మిన డబ్బూ, రీఫండూ రెండూ అతని దగ్గరే ఉండిపోతాయి. కొన్నవాళ్లకు మిగిలేది తిరుగు రైలు ఖర్చు.

చిత్తూరు జిల్లా శాంతిపురం, కుప్పం వైపు నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు చాలామంది. కొందరు రోజూ రైల్లో పోయి వస్తారు, కొందరు అక్కడే గది తీసుకుని వారానికోసారి ఊరికి వస్తారు. మ్యాచ్ టికెట్, పాటల కచేరీ టికెట్, తత్కాల్ టికెట్, తిరుమల దర్శనం టికెట్, ఈ నాలుగూ వీళ్ల ఫోన్లలో చేతులు మారుతుంటాయి. ఫోన్‌లో చూస్తే అన్నీ ఒకేలాంటి క్యూఆర్ కోడ్‌లు, పీడీఎఫ్‌లు. చట్టం మాత్రం వీటిని ఒకే గాటన కట్టదు. ఒకటి అమ్మితే అడిగే నాథుడు ఉండడు, ఇంకొకటి అమ్మితే కేసు. ఈ తేడా కొనేవాళ్లకన్నా ముందు, నెట్ సెంటర్లలో, జెరాక్స్ షాపుల్లో కూర్చుని ఊళ్లోవాళ్లకు టికెట్లు తీసిచ్చే కుర్రాళ్లకు తెలియాలి. వాళ్ల బతుకుతెరువు దానిమీదే ఉంది కాబట్టి రైలు టికెట్‌తోనే మొదలుపెడతాను.

రైల్వే చట్టం 1989 నాటిది. అప్పటికి ఇంట్లో కూర్చుని టికెట్ తీయడం ఎవరి ఊహలోనూ లేదు. ఆ చట్టంలోని 143వ సెక్షన్ ప్రకారం, రైల్వే ఉద్యోగి గానీ అధీకృత ఏజెంటు గానీ కానివారు టికెట్లు కొని సరఫరా చేయడాన్ని వ్యాపారంగా నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షన్ కౌంటర్ టికెట్లకే గానీ ఈ-టికెట్లకు వర్తించదని కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2025 జనవరి 9న సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. కౌంటర్‌లో తీసినా, ఇంటర్నెట్‌లో తీసినా సెక్షన్ ఒకటేనంది. ఆ తీర్పులో రెండు కేసులున్నాయి. అధీకృత ఏజెంటు కాకుండానే వందల నకిలీ ఐడీలు సృష్టించి టికెట్లు అమ్మాడని ఆరోపణ ఉన్న కేరళ మనిషి విచారణ ఎదుర్కోవాల్సిందేనని చెప్పింది. అధీకృత ఏజెంటు మీద పెట్టిన కేసును కొట్టేసింది. అతను నిబంధన తప్పి ఉంటే దానికి వేరే చర్యలున్నాయి గానీ ఈ సెక్షన్ కింద నేరం కాదంది. షాపు గోడమీద ఏజెన్సీ సర్టిఫికెట్ ఉండటానికి, లేకపోవటానికి ఇంత తేడా ఉంది.

అలాగని మీ ఐడీతో స్నేహితుడికి టికెట్ తీసివ్వడం తప్పేమీ కాదు. ఇంటిపేరు వేరైతే తీయకూడదని 2024లో ఒక పుకారు తిరిగింది. బంధువులకూ స్నేహితులకూ తీయవచ్చని రైల్వే స్పష్టంగా చెప్పింది. ఐఆర్‌సీటీసీలో ఆధార్ కలపని ఐడీకి నెలకు 12 టికెట్లు, కలిపితే 24. ఆ టికెట్ మీద 50 గానీ 100 గానీ అదనంగా తీసుకుని, రోజూ అదే పనిగా చేస్తే అది వ్యాపారం అవుతుంది. సొంత ఐడీతో ఇలా నడుపుతున్న షాపులు రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) తలుపు తట్టేదాకా ఆగకుండా ఐఆర్‌సీటీసీ ఏజెన్సీ తీసుకోవడం మంచిది. ఖర్చవుతుంది, కాగితాలు పెట్టాలి, అయినా కేసు మీద పడితే పాస్‌పోర్ట్ దగ్గర్నుంచి కంపెనీ ఉద్యోగం దాకా ప్రతిచోటా వచ్చే అడ్డంకులతో పోలిస్తే ఆ ఖర్చు ఒక లెక్క కాదు.

టికెట్ తీయించుకునేవాళ్లు గమనించాల్సిన ఒక గుర్తు ఉంది. 2025 జులై నుంచి తత్కాల్ తెరిచిన మొదటి అరగంట, అంటే ఏసీకి ఉదయం 10 నుంచి 10.30 వరకు, మిగతా తరగతులకు 11 నుంచి 11.30 వరకు, అధీకృత ఏజెంట్లు బుక్ చేయకూడదు. ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ కూడా తప్పనిసరి చేశారు. కాబట్టి ‘మొదటి నిమిషంలోనే తీసిస్తా, 500 ఎక్కువివ్వు’ అని ఎవరైనా అంటే అతను ఎవరిదో సొంత ఐడీతో తీస్తున్నాడని అర్థం. అతను పట్టుబడితే మీ ప్రయాణం మధ్యలో చిక్కుకుంటుంది.

ఖాయమైన రైలు టికెట్‌ను వేరేవాళ్లకు అమ్మడానికి లేదు. పేరు మార్పించడానికి మాత్రం ఒక దారి ఉంది. రైలు బయలుదేరే 24 గంటల ముందు టికెట్ ప్రింట్, గుర్తింపు కార్డు, బంధుత్వం చూపే కాగితం పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళితే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్తలలో ఒకరి పేరుకు మారుస్తారు, అదీ ఒక్కసారే. మనకు బావమరిది సొంత మనిషే, మేనమామ అంతకన్నా దగ్గర. రైల్వే జాబితాలో మాత్రం ఇద్దరూ లేరు.

తిరుమల సంగతి చాలా తేలిక. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ భక్తుడి పేరు, గుర్తింపు వివరాల మీద ఉంటుంది. లోపలికి పంపేముందు కార్డు చూస్తారు. పేరు కలవకపోతే ఎన్ని వేలు పోసి కొన్నా చెల్లదు. దళారుల మీద కేసులు పెడుతున్నా ఏడుకొండలవాడి పేరు చెప్పి మోసం చేసేవాళ్లు ఆగలేదు. టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో దొరక్కపోతే సర్వదర్శనం ఉంది, దానికి రూపాయి ఖర్చులేదు. పెద్దవాళ్లను తీసుకెళ్తున్నామన్న ఆత్రంలో దళారి చేతికి డబ్బివ్వకండి.

అసలు చిక్కంతా ఆటలు, కచేరీల దగ్గరే. వీటి టికెట్లు తిరిగి అమ్మడంపై దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. 2024 సెప్టెంబరు 22న ముంబై కోల్డ్‌ప్లే కచేరీ టికెట్లు బుక్‌మైషోలో చూస్తుండగానే అయిపోయాయి. వేలల్లో ఉన్న టికెట్లు ఇతర సైట్లలో లక్షల్లో ప్రత్యక్షమయ్యాయి. ఆ సైట్లతో తనకు సంబంధం లేదంటూ బుక్‌మైషో పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇలాంటి అమ్మకాలకు అడ్డుకట్ట వేయాలని కోరిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 జనవరిలో బాంబే హైకోర్టు కొట్టేసింది. నియమాలు చేయాల్సింది శాసనకర్తలు, ప్రభుత్వం అని తేల్చింది. మన హైదరాబాద్‌లో 2022 సెప్టెంబరులో భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. టికెట్లు బ్లాకులోకి పోయాయని గోల పెద్దగానే లేచింది. ఆ తర్వాతా నియమం రాలేదు.

ఐర్లండ్‌లో అలా కాదు. ప్రకటించిన పెద్ద కార్యక్రమాల టికెట్లను అసలు ధర మించి అమ్మడాన్ని 2021లో చట్టం చేసి నిషేధించారు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం తిరిగి అమ్మేవాళ్లు సీటు వివరాలు, అసలు ధర, వాడకంపై ఉన్న ఆంక్షలు కొనేవాళ్లకు చెప్పాలి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఈ హక్కును వాడుకోవాలి. మనకూ ఐర్లండ్ తరహా చట్టం రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను. నెలకు 15,000 జీతగాడు ఇష్టమైన ఆటగాణ్ని ఒక్కసారి కళ్లారా చూడాలనుకుంటే ఆ కోరిక మీద వ్యాపారం చేసే హక్కు మధ్యవాళ్లకు ఎందుకుండాలి?

ప్రత్యేక చట్టం లేదు గదా అని ధైర్యం చేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 112వ సెక్షన్ ఉంది. ముఠాలో ఉండి దొంగతనం, మోసం, ప్రశ్నపత్రాల అమ్మకం లాంటివి చేయడం ఎలాంటి నేరమో, అనుమతి లేకుండా టికెట్లు అమ్మడమూ అలాంటిదే అంటుంది. శిక్ష ఏడాదికి తక్కువ కాకుండా 7 ఏళ్ల వరకు, పైగా జరిమానా. బెంగళూరులో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డెలివరీ పనుల్లో ఉన్న మన కుర్రాళ్లకు ఇది ముఖ్యం. ‘లైన్‌లో నిలబడి టికెట్లు తెచ్చివ్వు, రోజుకింత ఇస్తా’ అనో, ‘గేటు దగ్గర నాలుగు టికెట్లు అమ్మిపెట్టు’ అనో ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు. లాభం తీసుకునేవాడు తెర వెనక ఉంటాడు, పోలీసులకు చేతిలో టికెట్లతో దొరికేది మీరే. కంపెనీ ఇచ్చిన ఉచిత పాసును అమ్ముకోవడం కూడా అంతే ప్రమాదం. ‘అమ్మకానికి కాదు’ అని దానిమీదే రాసి ఉంటుంది. విషయం ఆఫీసుకు తెలిస్తే ఉద్యోగానికే ఎసరు.

మరి నిజంగానే షిఫ్టు మారి మ్యాచ్‌కు వెళ్లలేకపోతే? ముందు టికెట్ షరతులు చదవండి. కొన్ని యాప్‌లలో టికెట్‌ను వేరే నంబరుకు బదిలీ చేసే వీలుంటుంది. అది ఉంటే అదే వాడండి. లేకపోతే తెలిసినవాళ్లకు, కొన్న ధరకే ఇవ్వండి. టికెట్ ఫొటోను గ్రూపులో పెట్టకండి. ఆ ఫొటోలో కనిపించే నల్లచుక్కల చదరమే అసలు టికెట్. దాన్ని స్క్రీన్‌షాట్ తీసినవాడు మీకన్నా ముందు గేటు దాటితే, స్కానర్ రెండోసారి ఎర్రగానే చూపిస్తుంది. ఒకే క్యూఆర్‌ను అయిదుగురికి అమ్మే మోసం కూడా ఇక్కడే పుడుతుంది. కొనేవాళ్లు స్క్రీన్‌షాట్ చూసి డబ్బు పంపకండి. యాప్‌లో మీ నంబరుకు బదిలీ అయి, మీ ఫోన్‌లో టికెట్ తెరుచుకున్నాకే ఇవ్వండి. అమ్మేవాళ్లకు ఇంకో వల ఉంది. ‘డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు’ అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోయినట్టే.

మోసపోయారనుకోండి. ఎక్కడికి వెళ్లాలో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పు తలుపు తట్టి అలసిపోతారు. గ్రూపులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముంచితే అది వినియోగదారుల వివాదం కాదు, మోసం. గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును బ్యాంకులో ఆపడానికి అంత అవకాశం. వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ కొని మోసపోతే, లేదా కార్యక్రమం రద్దయినా డబ్బు ఇవ్వకపోతే, అప్పుడు వినియోగదారుల చట్టం పనికొస్తుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు పెట్టాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. విదేశీ సైట్ అయినా మన దేశంలోని కొనుగోలుదారులకు క్రమంగా అమ్ముతుంటే ఈ నిబంధనలు దానికీ వర్తిస్తాయి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడితో విరాళమో బీమానో కలపడం కూడా ఈ నిబంధనలకు విరుద్ధం. డబ్బు కట్టేముందు ఆ చిన్న అక్షరాల వరస మీద ఒకసారి వేలుపెట్టి చూడండి.

నెల దాటినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పవచ్చు. అక్కడా తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల చట్టం తెచ్చిన మంచి మార్పు ఏమిటంటే, సంస్థ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరు నివసించేచోటో పనిచేసేచోటో కేసు వేయవచ్చు. శాంతిపురం మనిషికి చిత్తూరు కమిషన్ ఉంది, బెంగళూరులో పనిచేస్తుంటే అక్కడా వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. లాభానికి అమ్ముకుందామని పది టికెట్లు వ్యాపారంగా కొన్నవాణ్ని చట్టం వినియోగదారుడిగా చూడదు.

కేసుకు కావాల్సినవి ఆరోజే దాచుకోవాలి. బుకింగ్ మెసేజ్, యూపీఐ లావాదేవీ నంబరు, అమ్మకందారుతో మాటల స్క్రీన్‌షాట్లు తేదీ కనిపించేలా, రద్దు ప్రకటన, ఫిర్యాదు అందినట్టు వచ్చిన జవాబు. వీటిని మీ ఈమెయిల్‌కే ఒకసారి పంపుకుంటే ఫోన్ పోయినా మిగులుతాయి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, సెలవు దొరకని కొలువైతే వీడియోలో హాజరవుతానని దరఖాస్తులోనే అడగవచ్చు.