బుజ్జికి, నైట్ షిఫ్ట్ సంగతి

నార్సింగి,
ఆదివారం.

బుజ్జీ,

నిశ్చితార్థం అయిన రాత్రే నైట్ షిఫ్ట్‌కి వెళ్ళావని వదిన ఫోన్‌లో చెప్పింది. విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఒక్కరోజు సెలవు అడిగితే ఏమైందమ్మా? పనంటే నీకెంత ప్రాణమో తెలుసు కాబట్టి తిట్టలేక ఇది రాస్తున్నా.

ఇక్కడ అందరం బాగున్నాం. పిన్ని నీకు చీర చూసిపెట్టింది. పక్కింటి అబ్బాయి తానూ నీలాగే ఏఎంఈ, అదే విమాన నిర్వహణ ఇంజనీరింగ్, చదువుతానని నన్ను పట్టుకున్నాడు. నవంబరు 2025లో శంషాబాద్‌లో సాఫ్రాన్ వాళ్ళ లీప్ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం తెరిచాక, మన నార్సింగి, కోకాపేట పిల్లలకు సాఫ్ట్‌వేర్ కాక ఇంకో దారి కూడా కనబడుతోంది. నిన్ను చూపించి గర్వంగా చెప్పుకుంటున్నా.

నీ మీద కోపమెందుకొచ్చిందో చెబుతా. నేను హ్యాంగర్‌లో పనిచేసేటప్పుడు ఒకసారి ప్రమోషన్ లిస్టులో నా పేరు రాలేదు. ఆ రాత్రే వీల్ చేంజ్ పడింది. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ టార్క్ ఇవ్వాలి, వదులు చేసి మళ్ళీ ఇవ్వాలి. నీకు తెలిసిందే. నేను చక్రం తిప్పడం లేదు. 'ఒక్కసారి సరిపోతుందిలే' అనుకున్నా. అప్పుడది కోపం అని నాకు తోచనేలేదు, అనుభవంతో అంటున్న మాటే అనుకున్నా. మా ఇన్‌ఛార్జ్ సారు చూసి, రెంచ్ తీసుకుని, ఇంకొకరి చేత పని మొదటి నుంచీ చేయించారు. ఒక్క మాటా అనలేదు. ఆయన ఆపకపోతే ఆ పని మీద నేను సంతకం పెట్టేవాణ్ణి బుజ్జీ.

మాడ్యూల్ 9లో మనుషులు పనిలో తప్పు చేయడానికి గోర్డన్ డుపాంట్ 1993లో చెప్పిన 12 కారణాలు నీకు నోటికి వచ్చు. అలసట, ఒత్తిడి, పరధ్యానం, అతి ధీమా... వాటిలో సంతోషం అని విడిగా లేదు. కానీ పెళ్ళి కుదిరిన పిల్ల మనసు స్క్రూల దగ్గర ఉంటుందా? ఏడుపు ముఖంతో వస్తే పక్కవాడు పసిగడతాడు. నవ్వుతూ వచ్చినదాన్ని ఎవరు ఆపుతారు? నాకు భయం అక్కడే.

ఇక అతి ధీమా సంగతి. 1990 జూన్‌లో బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి 17 వేల అడుగుల ఎత్తున కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి వేలాడాడు. సిబ్బంది ఆయన కాళ్ళు వదలకుండా పట్టుకున్నారు కాబట్టి బతికాడు. ఆ ముందురోజు తెల్లవారుజామున బిగించిన 90 బోల్టుల్లో 84 సన్నవి, తేడా అర మిల్లీమీటరు పైచిలుకు. స్టోర్స్ మనిషి సరైన సైజు చెప్పాడు కూడా. బిగించింది కొత్త కుర్రాడు కాదు, షిఫ్ట్ మేనేజరే. పార్ట్స్ కేటలాగ్ చూడలేదు, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చుకున్నాడు. అతన్ని చెడ్డవాడనలేను. ఇన్నేళ్ళు చేశాను, నాకు తెలీదా అన్న ధీమా పనిమంతులకే వస్తుంది. నువ్వూ పనిమంతురాలివే, అందుకే చెబుతున్నా.

అడగడానికి మొహమాటపడకు. కొత్తగా వచ్చినదాన్ని, ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు. పని మధ్యలో ఫోన్ మోగితే, పెళ్ళికొడుకే అయినా సరే, తిరిగొచ్చాక ఆపిన చోటు నుంచి కాకుండా రెండడుగులు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టు. షిఫ్ట్ మారేటప్పుడు నోటిమాటతో వదలకు, కాగితం మీద రాయి. 1991లో టెక్సస్‌లో ఒక చిన్న విమానం తోక అంచుకు 47 స్క్రూలు లేకుండానే ఎగిరింది. విప్పింది ఒక షిఫ్ట్, మిగతాది చూసుకోవాల్సింది ఇంకో షిఫ్ట్. 14 మంది పోయారు.

మనసు బాగాలేకపోయినా, మరీ బాగున్నా, ఈ పని ఇవాళ ఇంకెవరికైనా ఇవ్వండి సార్ అని చెప్పు. ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు, చిట్లించనీ. నీ సంతకం లేనిదే విమానం కదలదు, ఆ హక్కు నీకు లైసెన్స్‌తో, కంపెనీ ఇచ్చిన అనుమతితో వచ్చింది.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. తెల్లారి నిద్రకళ్ళతో స్కూటీ మీద రావద్దు, కంపెనీ బస్సులోనే రా. పెళ్ళి వారం నైట్లు వద్దని ఇన్‌ఛార్జ్‌కి ఈ వారమే రాసివ్వు. ఇచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

మీ బాబాయ్