చేలో బంగారమే, కుండీలోనే చిక్కు

చెల్లీ, వరండాలో పెట్టిన స్నేక్ ప్లాంట్ మొదలు మెత్తబడి వాలిపోతోందని దిగులు పడుతున్నావు కదూ? దాహమేమోనని ఇంకో చెంబు పోసి ఉంటావు. ఇక పోయకు తల్లీ. తప్పు నీళ్లది కాదు, మట్టిది.

మన పామర్రు రేగడి వరికీ, వరి తర్వాత పండే మినుముకీ పెట్టింది పేరు. వరి వేళ్లకైతే గాలి కాండంలోంచి దిగుతుంది, బురదలోనూ బతికేస్తాయి. కుండీ మొక్కకి ఆ భాగ్యం లేదు. తడిస్తే రేగడి ఉబ్బి గాలి ఆడనివ్వదు, వేరు కుళ్లుతుంది. ఎండితే ముడుచుకుని కుండీ గోడని వదిలేస్తుంది. అప్పుడు పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి పళ్లెంలోకి చేరతాయే గానీ వేరుకి అందవు.

తడిమట్టి గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కి చూడు. వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలాలి. పిల్లలు వినాయకుణ్ణి చేసుకునేంత బంకగా ఉంటే ఒట్టి ఆ మట్టితో కుండీ నింపకు.

మామూలు ఆకుల మొక్కలకి మట్టి, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు, ఏటి ఇసుక సమపాళ్లలో కలుపు. స్నేక్ ప్లాంట్‌కి, కలబందకి ఇసుక రెట్టింపు వేసి ఎరువు సగం చెయ్యి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేడికి వేళ్లు మాడతాయి. పొట్టులో ఉప్పుంటుంది, నానబెట్టి రెండుసార్లు పిండు. పొట్టు దొరక్కపోతే రైస్ మిల్లు దగ్గర నల్లగా కాలిన ఊక అడుగు. తెల్లబూడిద తేకు, అందులో క్షారం ఎక్కువ.

బందరు వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక మూట కట్టుకు రావద్దు. దివిసీమ చౌడుమట్టి, రొయ్యల చెరువు మట్టి కూడా అంతే, ఉప్పు ఉప్పే.

కింద గులకరాళ్లు పరిస్తే నీళ్లు దిగిపోతాయంటారు, నేనొప్పుకోను. మెత్తటి మట్టి బాగా నిండితే గానీ నీరు రాళ్లలోకి దిగదు. ఆ తడంతా వేళ్ల దగ్గరే ఆగుతుంది. చిల్లు మీద ఒక్క పెంకు చాలు.

మనీ ప్లాంట్ సంగతి అడక్కు, అది సీసాలో నీళ్లిచ్చినా బతికేస్తుంది!

అన్నట్టు, తామర తొట్టి పెట్టాలనుకుంటే మాత్రం ఈ పొట్టూ ఊకా ఏవీ వేయకు, నీళ్లమీద తేలిపోతాయి. దానికి మన రేగడిని మించింది లేదు.