ఎయిడ్స్: భయం వేరు, జాగ్రత్త వేరు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మా ఊళ్ళో మా కళ్ళానికి ఆనుకొని ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన్ని నేను మామా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం కాదు, ఊరి వరస. కోతలయ్యాక మా శ్రీకాకుళం జిల్లా నుంచి ఎందరో విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్ళినట్టే ఆయనా వెళ్ళేవాడు. 2013లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, చిక్కి సగమై తిరిగొచ్చాడు. ఒకనాడు నన్ను పిలిచి గుప్పెడు మరమరాలు చేతిలో పెట్టబోయాడు. దూరంనుంచి మా అమ్మ కేకేసింది: "ఒరే గుంటడా, ఆల చేతిది తినకురా, ఆ జబ్బు అంటుకుంటాది!" నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. మరమరాలు మళ్ళీ డబ్బాలో పోసేసుకున్నాడు. కొన్ని నెలలకే పోయాడు. పాడె మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది.

ఈ వ్యాసానికి కారణం ఆ మరమరాలే. డిగ్రీలో రోగనిరోధక వ్యవస్థ పాఠం విన్నరోజున నాకు తెలిసింది, ఆనాడు ఆ గుప్పెడూ తిన్నా నాకేమీ అయ్యేది కాదని. తెలిసిన సంగతి నలుగురికీ చెప్పకపోతే చదువెందుకు?

క్రిమి కథ

1981లో అమెరికా వైద్యులు ఈ జబ్బును మొదట గుర్తించారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన వైరస్‌ను వేరుచేశారు. మన దేశంలో 1986లో బయటపడింది. మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే పి.జి. విద్యార్థిని రక్త నమూనాలు సేకరించగా, వెల్లూరులో పరీక్షిస్తే కొన్నింటిలో వైరస్ ఆనవాళ్ళు కనిపించాయి. దేశాన్ని మేల్కొలిపిన ఆ పని ఒక విద్యార్థిని చేసిందని మనం మరచిపోకూడదు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళవారిలో నూటికి 0.20 మందికి హెచ్.ఐ.వి. ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 0.62 మందికి ఉంది. అంటే మూడు రెట్లు. కనుక ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బు కాదు.

హెచ్.ఐ.వి. వేరు, ఎయిడ్స్ వేరు. మొదటిది వైరస్. రెండోది ఆ వైరస్ వల్ల ఒంట్లో కాపలా పూర్తిగా కూలిపోయిన దశ. మన రక్తంలో సీ.డీ.4 కణాలని ఉంటాయి. రోగాలమీదికి మిగతా కణాలను పురికొల్పేవి అవే. ఈ వైరస్ తిన్నగా వాటిలోనే దూరి, తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, మన కణం డి.ఎన్.ఏ.లోనే అతికించేస్తుంది. మందులు వాడకపోతే సుమారు ఎనిమిది పదేళ్ళలో కాపలా చితికిపోయి, క్షయ వంటి రోగాలు మీదపడతాయి. అందాకా మనిషి చూడడానికి ఆరోగ్యంగానే ఉండవచ్చు. ముఖం చూసి చెప్పడం ఎవరితరమూ కాదు.

మరి పూర్తిగా ఎందుకు పోదు? రైతుబిడ్డలకు తుంగ తెలుసు. పైన ఎంత పీకినా నేలలో గడ్డ మిగిలే ఉంటుంది. వైరస్ కూడా కొన్ని కణాల్లో అలాగే నిద్రపోతుంది. రోజూ మాత్ర వేసుకుంటే మొలక లేవదు. మానేస్తే మళ్ళీ లేస్తుంది.

గండి ఎక్కడ పడుతుంది?

గట్టుకు గండి పడితేనే నీళ్ళు పక్క మడిలోకి పోతాయి. ఈ వైరస్‌కు ఉన్న గండ్లు మూడే. ఒకటి, వైరస్ ఉన్నవారితో తొడుగు లేకుండా జరిగే లైంగిక సంబంధం. సుఖవ్యాధుల పుండ్లుంటే ప్రమాదం ఇంకా హెచ్చు. రెండు, రక్తం: ఒకరికి వాడిన సూది మరొకరికి వాడడం, పరీక్షించని రక్తం ఎక్కించడం. మూడు, తల్లినుంచి బిడ్డకు: కడుపులో, కాన్పులో, చనుపాలలో. మందులు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకుతుంది. సకాలంలో మందులు వాడితే 5 కంటే తగ్గిపోతుంది.

ఇవి తప్ప వేరే దారి లేదు. కలిసి తినడం, ఒకే గ్లాసులో తాగడం, చేయి కలపడం, దగ్గు, చెమట, బావినీళ్ళు, మరుగుదొడ్డి, వీటివల్ల రాదు. మరి దోమ మాటేమిటని మిత్రులు అడగవచ్చు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ క్రిమి దోమలో పెరిగి దాని లాలాజలంలోకి చేరుతుంది. హెచ్.ఐ.వి. దోమలో పెరగదు, అరిగిపోతుంది. పైగా దోమ మనలోకి వదిలేది తన లాలాజలమే, ముందు తాగిన రక్తం కాదు.

గండి పూడ్చడం ఎలా?

సంబంధం ఒకరితోనే ఉంచుకోవడం, లేదా ప్రతిసారీ కండోమ్ వాడడం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంజెక్షన్ చేయించుకునేటప్పుడు కొత్త సూది కళ్ళముందే విప్పమనాలి. రక్తం లైసెన్సున్న బ్లడ్ బ్యాంకునుంచే తీసుకోవాలి. గర్భిణులందరూ పరీక్ష చేయించుకోవాలి. పొరపాటున ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటలలోపు, ఎంత తొందరైతే అంత మంచిది, పెద్దాసుపత్రికి వెళితే 28 రోజుల మందులతో సోకకుండా ఆపే వీలుంది.

ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష ఉచితం, రహస్యం. సోకిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు, కాబట్టి మూడు నెలలు నిండాక మరోసారి చేయించుకోవాలి. 2004నుంచి ప్రభుత్వం మందులు కూడా ఉచితంగా ఇస్తోంది. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. మందులు క్రమంగా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచినవారినుంచి లైంగికంగా మరొకరికి సోకదని నేడు వైద్యశాస్త్రం తేల్చింది. అంటే మందు రోగికే కాదు, ఊరికీ రక్షణే.

2018 సెప్టెంబరు 10నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా వారి జబ్బు సంగతి బయటపెట్టరాదు. చదువులో, ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపరాదు.

మా మామ నాటికి ఉచిత మందులు ఉన్నాయి. ఆయన్ని చంపింది మందులు లేకపోవడం కాదు. ఎవరికైనా తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేమని పరీక్షకే వెళ్ళలేదు. ఆ భయం పుట్టించినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆయన పోయేనాటికి అత్తకు మూడో నెల. ఆవిడకూ ఉందని తేలింది. ఆవిడ మాత్రం ఆసుపత్రి మెట్లెక్కింది, మాత్రలు మానలేదు. పాపకు పద్దెనిమిది నెలలప్పుడు చేసిన పరీక్షలో లేదని వచ్చింది. నేడా పిల్ల బడికెళ్తోంది. ఇదంతా ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు రాయనిది అందుకే.

మొన్న వరినాట్లకు ఆవిడ మా పొలానికి వచ్చింది. నేను చెప్పిన పాఠమంతా విన్న మా అమ్మ, "ఏటోరా, ఆ వేళ మాకు తెలీదు కదా" అని, చోడి అంబలి ముందు ఆవిడకే పోసి, ఆ గ్లాసుతోనే తానూ తాగింది. మామకు మాత్రం ఆ గ్లాసు అందలేదు.

మిత్రులారా, సెలవులకు మనం ఊళ్ళకు వెళ్ళేటప్పుడు ఈ నాలుగు మాటలు వెంట తీసుకువెళ్దాం. జాగ్రత్త గండిని పూడుస్తుంది. భయం మనిషిని గెంటుతుంది. గెంటేస్తే వాడు దాక్కుంటాడు, వాడితోపాటు జబ్బూ దాక్కుంటుంది. ఇదే నా మనవి.